లేచి నిలబడ్డ యాభై మందిని ఎందుకు లెక్కపెట్టలేదు?

గ్రూప్స్‌కు చదువుతున్నానంటూ మీరు మూడు సందేహాలు అడిగారు. 50 మంది మద్దతు ఉంటే అవిశ్వాస తీర్మానం తీసుకోవాలని పాలిటీ పుస్తకంలో ఉంది కదా, 2018 మార్చిలో అంతకంటే ఎక్కువ మందే ఉన్నా లోక్‌సభలో ఎందుకు తీసుకోలేదు? జూలైలో తీసుకున్నారు సరే, ఓడిపోతుందని ముందే తెలిసిన తీర్మానంతో ఒరిగేదేమిటి? మూజువాణి ఓటంటే ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లు గెలిచినట్టా?

నేను ఒక తెలుగు పత్రిక తరఫున చాలా ఏళ్లు ఢిల్లీలో పనిచేశాను. పాత పార్లమెంటు భవనంలో ప్రెస్ గ్యాలరీకి వెళ్లాలంటే ఫోన్ బయటే ఇచ్చేయాల్సి వచ్చేది. చేతిలో నోట్‌బుక్, పెన్ను, అంతే. అక్కడ కూర్చుని పైనుంచి చూసిన కొద్దీ నాకు ఒక సంగతి అర్థమైంది. సభలో అసలు కొట్లాట ఓటు దగ్గర జరగదు. ఏ రూల్ కింద మాట్లాడాలి, ఎప్పుడు మాట్లాడాలి, ఎవరికి ఎన్ని నిమిషాలు అన్న దగ్గరే సగం ఆట అయిపోతుంది. ప్రతిపక్షానికి ఓట్లు ఎలాగూ చాలవు, దానికి కావలసింది టైమ్. ఆ టైమేమో దాదాపుగా ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఎజెండాలో ఏ బిల్లు ఎప్పుడు రావాలో ప్రభుత్వమే ప్రతిపాదిస్తుంది. పార్టీల బలాన్ని బట్టి నిమిషాలు పంచే పని స్పీకర్ అధ్యక్షతన బీఏసీలో, అంటే బిజినెస్ అడ్వైజరీ కమిటీలో, జరుగుతుంది. మీ మూడు సందేహాలకూ జవాబు ఇందులోంచే వస్తుంది.

ముందు ఆ 50 సంగతి. లోక్‌సభ రూల్స్‌లో 198వ రూల్ ఇది. అవిశ్వాసం పెట్టదలచిన సభ్యుడు ఆ రోజు ఉదయం 10 గంటలలోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది నిబంధనల ప్రకారం ఉందని స్పీకర్ అనుకుంటే సభలో చదివి వినిపించి, అనుమతికి అనుకూలంగా ఉన్నవాళ్లు తమ తమ స్థానాల్లో లేచి నిలబడమంటారు. 50కి తగ్గకుండా నిలబడితే అనుమతి వచ్చినట్టే. ఆ రోజు నుంచి 10 రోజులలోపు చర్చ పెట్టాలి. కారణాలు రాయనక్కర్లేదు, మంత్రిమండలి మీద సభకు విశ్వాసం లేదు అన్న ఒక్క వాక్యం చాలు.

పుస్తకాల్లో '50 మంది' అన్న ముక్కనే బోల్డ్‌లో వేస్తారు. 'తమ స్థానాల్లో' అన్న మాటను ఎవరూ పట్టించుకోరు. 2018 మార్చిలో కథంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

ఒకసారి గుర్తు చేసుకోండి. ప్రత్యేక హోదా విషయంలో మార్చి 8న టీడీపీ మంత్రులు అశోక్ గజపతిరాజు, సుజనా చౌదరి కేంద్ర మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. వారం తిరిగేసరికి వైఎస్సార్‌సీపీ తరఫున వై.వి.సుబ్బారెడ్డి అవిశ్వాస నోటీసు ఇచ్చారు. మార్చి 16న టీడీపీ కూడా ఎన్డీయే నుంచి బయటికొచ్చి తన నోటీసు తాను ఇచ్చింది. రెండు పార్టీలనూ కలిపినా 50 మంది ఉండరు. కాంగ్రెస్, తృణమూల్, వామపక్షాలు నిలబడతామనడంతో లెక్క సరిపోయింది. పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి అనంతకుమార్ కూడా చర్చకు మేం సిద్ధమేనన్నారు.

కానీ అదే సమయంలో వెల్‌లో, అంటే స్పీకర్ కుర్చీ ముందున్న ఖాళీ జాగాలో, అన్నాడీఎంకే సభ్యులు కావేరీ బోర్డు కోసం, టీఆర్‌ఎస్ సభ్యులు రిజర్వేషన్ల కోసం ప్లకార్డులు పట్టుకుని నినాదాలు చేస్తున్నారు. స్పీకర్ సుమిత్రా మహాజన్ చెప్పింది ఒకటే: సభ సజావుగా లేదు, ఎవరు ఎందుకు నిలబడ్డారో తేల్చలేను, కాబట్టి లెక్కపెట్టలేను. సభ వాయిదా. సభ తిరిగి కూడినప్పుడు మళ్లీ నోటీసు, మళ్లీ అదే మాట. పైనుంచి చూస్తున్న మాకు వెనక వరుసల్లో నిలబడ్డవాళ్లు స్పష్టంగానే కనబడేవారు. ఒక దశలో ప్రతిపక్ష సభ్యులు లెక్కపెట్టడానికి తేలిగ్గా ఉండాలని అంకెలు వేసిన ప్లకార్డులే పట్టుకుని నిలబడ్డారు. అయినా కుదరలేదు. ఏప్రిల్ 6న సమావేశాలు ముగిసిపోయాయి.

స్పీకర్ చేసింది రూల్‌కు విరుద్ధమా అంటే, అక్షరాలా కాదనే చెప్పాలి. సభ క్రమంలో లేనప్పుడు ఏ పనీ చేయనక్కర్లేదనేది పాత ఆనవాయితీయే. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఆ నోటీసులు సభ ముందుకు రావడానికి రెండు రోజుల ముందు, మార్చి 14న, ఇదే గోలలో ఇదే సభ ఫైనాన్స్ బిల్లును, కేంద్ర బడ్జెట్ పద్దులను చర్చ లేకుండా అరగంటలో ఆమోదించింది. దీన్ని గిలెటిన్ అంటారు. చర్చకు నోచుకోని శాఖల పద్దులన్నిటినీ గడువు రోజున ఒక్క మూటగా ఓటుకు పెట్టేయడం. ఆ పద్ధతి కొత్తది కాదు, ఏటా జరిగేదే. కాకపోతే దేశం మొత్తం బడ్జెట్‌ను పాస్ చేయడానికి అడ్డురాని గొడవ, 50 తలలు లెక్కపెట్టడానికి అడ్డొచ్చింది. గోల మధ్య ప్రభుత్వం పని ఎలాగోలా నడుస్తుంది. ఆగిపోయేది ప్రతిపక్షం పనే.

అందుకే వెల్‌లోకి దూకడం పౌరుషంగా కనిపించినా చాలాసార్లు అది ప్రతిపక్షం తన కాలు తాను నరుక్కోవడమే. ఈ మాటకు నాతో గొడవపడే మిత్రులున్నారు. 'మామూలుగా మాట్లాడితే మైక్ ఎవరిస్తారు, టీవీలో ఎవరు చూపిస్తారు' అంటారు. అదీ నిజమే. ఆ వాదన తేలేది కాదు.

జూలైకి వద్దాం. వర్షాకాల సమావేశాలు 18న మొదలయ్యాయి. మొదటి రోజే స్పీకర్ టీడీపీ ఎంపీ కేశినేని శ్రీనివాస్ నోటీసు తీసుకున్నారు. 50 మంది సులువుగా లేచారు. చర్చ 20వ తేదీన. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. మార్చిలో మొదటి నోటీసు ఇచ్చిన వైఎస్సార్‌సీపీ ఎంపీలు ఐదుగురు ఏప్రిల్ 6నే రాజీనామాలు ఇచ్చారు, జూన్‌లో అవి ఆమోదం పొందాయి. తీరా చర్చ వచ్చేసరికి వాళ్లు సభలో లేరు.

జూలై 20 ఉదయం 11 గంటలకు మొదలైన చర్చ రాత్రి 11 దాకా నడిచింది. పంచిన టైమ్ చూడండి. బీజేపీకి 3 గంటల 33 నిమిషాలు, కాంగ్రెస్‌కు 38 నిమిషాలు. తీర్మానం పెట్టిన టీడీపీకి 13 నిమిషాలు. బలాన్ని బట్టి పంచితే అంతే వస్తుంది. తీర్మానం పెట్టింది కేశినేనే అయినా పార్టీ తరఫున చర్చ మొదలుపెట్టింది గల్లా జయదేవ్. ఆయన 13 నిమిషాల్లో ఆపలేదు. స్పీకర్ బెల్ కొడుతున్నా, గుర్తు చేస్తున్నా, గంటకు దగ్గర దగ్గరగా మాట్లాడారు. తీర్మానం పెట్టిన పక్షానికి ఆ మాత్రం వెసులుబాటు ఇవ్వడం కూడా ఆనవాయితీయే. పుస్తకంలో రాసి ఉండదు గానీ సభ నడిచేది ఇలాంటి వాటి మీదే.

మర్నాడు పేపర్లన్నీ రాహుల్ గాంధీ వెళ్లి మోదీని కౌగిలించుకున్న ఫోటోతో నిండిపోయాయి. ఆ తర్వాత కన్ను కొట్టడం మీద ఇంకో రెండు రోజులు. హోదా కోసం నాలుగు నెలలు తిరిగి తెచ్చుకున్న చర్చలో హోదా వార్త లోపలి పేజీకి జారింది. తెలుగు రిపోర్టర్లకు ఆ రాత్రి టెన్షన్ అంతా డెస్క్‌కు నచ్చజెప్పడంలోనే పోయింది.

రాత్రి ఓటింగ్‌లో అనుకూలం 126, వ్యతిరేకం 325. మరి ఒరిగిందేమిటి?

ఒకటి, ప్రధాని సభలో కూర్చుని విని, లేచి జవాబు చెప్పాల్సి వచ్చింది. 14వ ఆర్థిక సంఘం సిఫార్సుల వల్ల హోదా కుదరదని, ప్యాకేజీకి కట్టుబడి ఉన్నామని ఆయన నోటితో రికార్డులోకి ఎక్కింది. వైఎస్సార్‌సీపీ వలలో పడుతున్నావని చంద్రబాబుకు చెప్పానని కూడా అన్నారు. రాజకీయంగా అది ఎవరికి పనికొచ్చిందో మీరే ఆలోచించుకోండి. రెండు, ప్రధాని మాట్లాడాక కూడా చివరి మాట తీర్మానం పెట్టిన సభ్యుడిది. దేశ ప్రధాని తర్వాత లేచి బదులు చెప్పే హక్కు ఒక విజయవాడ ఎంపీకి దొరికేది అవిశ్వాసం లాంటి సందర్భాల్లోనే. మూడు, ఎవరు ఎటువైపున్నారో తేలింది. శివసేన ఓటు వేయలేదు, బీజేడీ వాకౌట్ చేసింది. మిత్రులెవరో, మొహమాటస్తులెవరో అధికార పక్షానికీ తెలిసొచ్చింది.

ఓడిపోతుందని తెలిసే పెట్టడం మొదటి నుంచీ ఉన్నదే. 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద జె.బి.కృపలానీ తెచ్చిన మొట్టమొదటి అవిశ్వాసానికి వచ్చినవి 62 ఓట్లు, వ్యతిరేకంగా 347. చైనా యుద్ధం మీద నెహ్రూ చేత రోజుల తరబడి జవాబు చెప్పించడమే అక్కడ అసలు పని. అలాగని అన్నీ ముందే తేలిపోయిన లెక్కలని కూడా అనుకోకండి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి పెట్టిన విశ్వాస తీర్మానం 269-270తో, ఒక్క ఓటు తేడాతో పోయింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఇంకా ఎంపీ పదవికి రాజీనామా చేయలేదు, వచ్చి ఓటు వేశారు. వేయొచ్చా అన్న చిక్కుముడి స్పీకర్ కుర్చీలో ఉన్న మన జి.ఎం.సి.బాలయోగి ముందుకే వచ్చింది. ఆయన దాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. బాలయోగి పార్టీ టీడీపీ అప్పుడు వాజ్‌పేయి వైపు ఉందన్నది మర్చిపోకండి. స్పీకర్‌కు సొంత ఓటు ఉండదు, రెండు వైపులా సమానంగా వస్తేనే వేస్తారు. ఆ రోజు సమానం రాలేదు.

ఇక ఏ రూల్ కింద అన్న కొట్లాట. బయటివాళ్లకు ఇది మరీ చాదస్తంగా కనిపిస్తుంది. 'ఇద్దరూ చర్చకు సిద్ధమే అంటున్నారు, మరి చర్చ జరగదేం' అని మా ఇంట్లో వాళ్లే అడిగేవారు. లోక్‌సభలో 193 కింద చర్చ పెడితే మాట్లాడుకుని లేచిపోవడమే, చివర ఓటింగ్ ఉండదు. 184 కింద పెడితే ఓటింగ్ ఉంటుంది. వాయిదా తీర్మానమైతే అందులో ప్రభుత్వాన్ని తప్పుపట్టడం ఉంటుంది కాబట్టి ఏ ప్రభుత్వమూ దాన్ని ఒక పట్టాన ఒప్పుకోదు. 2012 నవంబరులో చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడుల మీద సభ రోజుల తరబడి ఆగిపోయింది ఈ అంకెల మీదే. బీజేపీ 184 కావాలంది, కాంగ్రెస్ ప్రభుత్వం 193 చాలంది. చివరికి ప్రభుత్వం మెత్తబడింది. డిసెంబరు 5న ఓటింగ్ జరిగితే సుష్మా స్వరాజ్ తీర్మానం 218-253తో వీగిపోయింది. ఎస్పీ, బీఎస్పీ వాకౌట్ చేసి ప్రభుత్వాన్ని గట్టెక్కించాయి. ప్రభుత్వం అన్నాళ్లు ఎందుకు తటపటాయించిందో ఇప్పుడు అర్థమైందా? వాళ్లిద్దరూ బయటికి నడుస్తారని ఖాయమయ్యేదాకా లెక్క కుదరలేదు.

పదకొండేళ్ల తర్వాత కుర్చీలు మారాయి, వాదన మారలేదు. 2023 జూలైలో మణిపూర్ మీద రాజ్యసభలో ప్రతిపక్షం మిగతా పనులన్నీ పక్కనపెట్టే 267 కావాలంది, ప్రభుత్వం స్వల్పకాలిక చర్చకు 176 చాలంది. తాళం పడింది. అప్పుడే లోక్‌సభలో గౌరవ్ గొగోయ్ అవిశ్వాసం తెచ్చారు. ప్రధాని చేత మణిపూర్ గురించి సభలో మాట్లాడించడానికి మిగిలిన దారి అదే. ఆగస్టు 8 నుంచి 10 వరకు చర్చ జరిగింది. కానీ చివరి రోజు ప్రధాని మాట్లాడుతుండగానే ప్రతిపక్షం వాకౌట్ చేసింది. తీర్మానం మూజువాణి ఓటుతో వీగిపోయింది. 2018లో 126 మంది ఓటు వేసినట్టు లెక్క ఉంది, 2023లో అలాంటి లెక్కే లేదు. వాకౌట్ ఖరీదు అది.

మూజువాణి అన్నాక మీ మూడో ప్రశ్న. అరుపు పెద్దదైతే గెలుపా అని మీరు వెటకారంగా అడిగారు గానీ, అది పూర్తిగా తప్పు కాదు. స్పీకర్ ప్రశ్న సభ ముందు పెడతారు. ఔననేవాళ్లు 'ఆయ్' అంటారు, కాదనేవాళ్లు 'నో' అంటారు. ఎటువైపు ఎక్కువ మంది ఉన్నారని తన చెవికి అనిపించిందో స్పీకర్ చెబుతారు. అక్కడితో ఎవరూ మాట్లాడకపోతే అయిపోయినట్టే. చిన్నాచితకా సవరణలకు, గొడవ లేని బిల్లులకు ఇది హాయిగా సరిపోతుంది. లేకపోతే తెల్లారిపోతుంది.

ఒక్కరైనా ఒప్పుకోక డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టమని, అడిగితే సంగతి మారుతుంది. 'లాబీలు ఖాళీ చేయండి' అంటారు. భవనమంతా గంటలు మోగుతాయి. పాత భవనంలోనైతే క్యాంటీన్లో టీ తాగుతున్నవాళ్లు, సెంట్రల్ హాల్లో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు కప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చేవారు. మూడున్నర నిమిషాలు. తర్వాత తలుపులు మూసేస్తారు, లోపలివాళ్లు లోపల, బయటివాళ్లు బయట. ప్రశ్న రెండోసారి పెడతారు. అప్పటికీ ఒప్పుకోకపోతే బటన్లు. ప్రతి సభ్యుడి సీటు దగ్గరా ఔనుకు ఆకుపచ్చ, కాదుకు ఎరుపు, తటస్థానికి పసుపు బటన్ ఉంటాయి. వాటితోపాటు ఓటు మొదలుపెట్టే స్విచ్ ఇంకొకటి. ఒక చేత్తో అది, ఇంకో చేత్తో రంగు బటన్, రెండూ ఒకేసారి నొక్కి రెండో గంట వినబడేదాకా వదలకూడదు. కొత్త ఎంపీలు ఒక చెయ్యి తీసేస్తారు, ఓటు పడదు, తర్వాత స్లిప్ అడుగుతారు. బోర్డు మీద వచ్చే అంకెకూ, చివర ప్రకటించే అంకెకూ తేడా వచ్చేది ఈ స్లిప్పుల వల్లే. ఉత్తపుణ్యానికి డివిజన్ అడుగుతున్నారని స్పీకర్ అనుకుంటే, లేచి నిలబడమని తలలు లెక్కించి తేల్చేసే అధికారం కూడా ఉంది. అలా తేల్చినప్పుడు పేర్లు నమోదు కావు.

నా ఉద్యోగంలో తొలి రోజుల్లో మూజువాణితో నెగ్గిన ఒక బిల్లును 'సభ ఏకగ్రీవంగా ఆమోదించింది' అని రాసి పంపాను. మర్నాడు దాన్ని వ్యతిరేకించిన ఎంపీ ఒకాయన కారిడార్లో ఆపి, 'నేను నో అన్నది మీకు వినబడలేదా బాబూ' అన్నారు. అప్పటినుంచి ఏకగ్రీవం అన్న మాట రాసే ముందు రెండుసార్లు ఆలోచిస్తాను.

మన రాష్ట్రం విడిపోయిందీ మూజువాణితోనే. 2014 ఫిబ్రవరి 13న హోంమంత్రి షిండే బిల్లు పెట్టగానే లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆ రోజే సీమాంధ్ర ఎంపీలను 374ఎ రూల్ కింద సస్పెండ్ చేశారు. ఈ రూల్ 2001లో వచ్చింది. స్పీకర్ పేరు చదివితే చాలు, తీర్మానం అక్కర్లేదు, ఐదు సిట్టింగులు లేదా సెషన్‌లో మిగిలిన రోజులు, ఏది తక్కువైతే అంతకాలం ఆ సభ్యుడు బయటే. 18న బిల్లు ఓటుకు వచ్చేసరికి గట్టిగా ఎదిరించేవాళ్లలో చాలామంది సభలోనే లేరు. టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సభ మూజువాణితో బిల్లును ఆమోదించింది. బీజేపీ కూడా మద్దతిచ్చింది కాబట్టి డివిజన్ జరిగినా బిల్లు నెగ్గేదనే నా అంచనా. కానీ బిల్లుకు ఔనన్నదెవరు, కాదన్నదెవరు అన్న పేర్ల జాబితా మాత్రం ఎక్కడా దొరకదు. తెలంగాణ వాళ్లకైనా, ఆంధ్రా వాళ్లకైనా అది లోటే అంటాను.

రెండు రోజుల తర్వాత రాజ్యసభలో మన్మోహన్ సింగ్ ఐదేళ్లు హోదా ఇస్తామన్నారు, వెంకయ్యనాయుడు పదేళ్లు కావాలన్నారు. అది సభలో చేసిన ప్రకటన, చట్టంలో రాసింది కాదు. ఆ సందు లోంచే 2018 దాకా నడిచిన గొడవంతా పుట్టింది.

డివిజన్ అడిగితే ఇవ్వాల్సిందేనా అంటే, ఇక్కడ కూడా మళ్లీ 'తమ స్థానాల్లో' అన్న మెలికే. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల మీద ప్రతిపక్షం డివిజన్ అడిగింది. అడిగినవాళ్లు తమ సీట్లలో లేరన్నది డిప్యూటీ చైర్మన్ హరివంశ్ చెప్పిన కారణం. బిల్లులు మూజువాణితో నెగ్గాయి, మర్నాడు ఎనిమిది మంది సస్పెండయ్యారు. సీట్లో నిలబడి అడిగితే కాదనడానికి ఆ కారణం ఉండదు.

పరీక్ష కోసం ఒక ముక్క. అవిశ్వాస తీర్మానం ఏ అధికరణలో ఉందని అడిగి నాలుగు నెంబర్లు ఇస్తారు. రాజ్యాంగంలో కేంద్ర మంత్రిమండలి మీద అవిశ్వాస తీర్మానం అన్న మాటే లేదు. 75(3)లో ఉన్నది మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలన్నది మాత్రమే, తీర్మానం సంగతి లోక్‌సభ రూల్ 198లో ఉంది. విశ్వాస తీర్మానానికైతే విడిగా రూలే లేదు, మామూలు తీర్మానంలాగా 184 కిందే పెడతారు. ఆప్షన్లలో '75(3) ప్రకారం సమష్టి బాధ్యత' అని ఉంటే దాన్ని పట్టుకోండి. 'రాజ్యసభలో కూడా పెట్టవచ్చు' అని ఉంటే మాత్రం కళ్లు మూసుకుని కొట్టేయండి.